కాలిన్ కౌంటీ కోర్టు కథ, ఆ పేరు వెనకున్న పెద్దాయన కథ

(మొన్న ఆదివారం ఇక్కడ, అమెరికాలో టెక్సస్‌లోని డాలస్ పక్క కాలిన్ కౌంటీలో, మన తెలుగువాళ్ళ నెలవారీ కూడికలో ఒకాయన చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు అడిగారని రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆయన మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ముందు వరసలో కూర్చుంటే ప్రశ్నలేస్తానని భయపడుతున్నట్టున్నారు, వెయ్యనులెండి. వేసినా మార్కులుండవు.

నేను హిస్టరీ ప్రొఫెసర్ని కాదండీ, ముందే చెప్పేస్తున్నా. మీ అందరిలాగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇరవై ఏళ్ళ పైనుంచి ఈ చుట్టుపక్కలే ఉంటున్నా. ఈ టాపిక్ నాకెలా పట్టుకుందంటే, మా నాన్న వల్ల. ఆయన మొదటిసారి వచ్చినప్పుడు అందరికీ చూపించేవన్నీ చూపించాను. డాలస్ డౌన్‌టౌన్, కెన్నెడీని కాల్చిన చోటు, దాని పక్కనే ఉండే ఎర్రరాయి పాత కోర్టు, గుళ్ళు, మాల్స్, అన్నీ. ఆయనకి ఏదీ పెద్దగా ఎక్కలేదు. ఒక శనివారం సాయంత్రం మెకిన్నీ డౌన్‌టౌన్‌కి తీసుకెళ్ళా. మీలో చాలామంది వెళ్ళే ఉంటారు, నాలుగు పక్కలా పాత షాపులు, మధ్యలో స్తంభాలతో పెద్ద బిల్డింగ్. మా నాన్న కారు దిగి దానికేసి చూసి, "ఇది కలెక్టరాఫీసా?" అన్నాడు.

నేను నవ్వాను. నవ్వాక ఆలోచిస్తే, ఆయన అన్నది దాదాపు కరెక్టే. అది పాత కౌంటీ కోర్ట్‌హౌస్. మా నాన్నకి ఎలా తెలిసిందంటే, ఆయన జీవితంలో పాతికేళ్ళు పొలం గట్టు తగాదా మీద కోర్టు చుట్టూ తిరిగాడు. అలాంటివాడికి దూరం నుంచే వాసనొస్తుందండీ. బిల్డింగ్ చుట్టూ ఒక రౌండ్ వేసి, "మరి స్టాంపు పేపర్లమ్మేవాళ్ళేరి? చెట్టు కింద టైపు మిషన్లేవి?" అని అడిగాడు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టా, అదిగో, అది ఇక్కడిదాకా తీసుకొచ్చింది.

ఇప్పుడు మనలో ఎంతమందికి కౌంటీ అంటే ఏంటో తెలుసు? చేతులెత్తక్కర్లేదు. మనకి కౌంటీ అంటే ఏడాదికోసారి ఇంటి ట్యాక్స్ బిల్లు వచ్చే అడ్రెస్సు, అంతే కదా? కొంతమందికి సిటిజన్‌షిప్ వచ్చాక జ్యూరీ డ్యూటీ అని ఇంకో కాయితం వస్తుంది. పెద్దవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, కౌంటీ అంటే మన జిల్లా అనుకోండి. పూర్తిగా జిల్లా కాదు, కానీ దగ్గర దగ్గర. టెక్సస్‌లో ఇలాంటివి 254 ఉన్నాయి. ఒక్కోదానికి ఒక జిల్లా కేంద్రం, ఆ కేంద్రంలో ఒక కోర్ట్‌హౌస్. కోర్ట్‌హౌస్ అంటే కేసులొక్కటే కాదు, భూమి రిజిస్ట్రేషన్లు, పెళ్ళి లైసెన్సులు, ఓట్లు, రోడ్లు, పన్నులు, అన్నీ అక్కడినుంచే నడిచేవి. మళ్ళీ ఇక్కడ తమాషా ఏంటంటే, ఈ జిల్లాని నడిపే పెద్ద పేరు కౌంటీ జడ్జి. పేరుకి జడ్జి, చేసేదేమో మన కలెక్టరూ జిల్లా పరిషత్ ఛైర్మనూ కలిస్తే చేసేటట్టు ఉంటుంది. పైగా ఆయన లా చదివుండాల్సిన రూలేం లేదు! జనం ఓట్లేసి గెలిపిస్తారు. మా నాన్నకి ఇది చెప్తే నమ్మలేదు. "ప్లీడరు కాకుండా జడ్జి ఎలా అవుతాడ్రా" అని రెండ్రోజులు నన్నే అనుమానంగా చూశాడు.

సరే, అసలు విషయానికొద్దాం. మన కౌంటీ పేరు కాలిన్. మన జిల్లా కేంద్రం పేరు మెకిన్నీ. ఈ రెండు పేర్లూ ఎవరివి? ఇద్దరు మనుషులా? నేను పదిహేనేళ్ళు ఇద్దరనే అనుకున్నానండీ, సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నా. ఒక్కడే. కాలిన్ మెకిన్నీ. పేరులో మొదటి ముక్క జిల్లాకి పెట్టారు, రెండో ముక్క ఊరికి పెట్టారు. తర్వాత మన టైముకి ఇంకో రోడ్డేసి ఆ రోడ్డుకి కాలిన్ మెకిన్నీ పార్క్‌వే అని రెండు ముక్కలూ కలిపి పెట్టారు, అక్కడ మనం రోజూ సిగ్నల్ దగ్గర ఆగి ఫోన్ చూసుకుంటుంటాం.

ఇంకో సంగతి నాకు బాగా నచ్చింది. మన దగ్గర జిల్లాకి ఎవరి పేరైనా పెట్టాలంటే ఆ మనిషి ముందు పోవాలి కదా? మాది ప్రకాశం జిల్లా. ప్రకాశం పంతులుగారు 1957లో పోయారు, జిల్లా పుట్టింది 1970లో, అప్పుడు దాని పేరు ఒంగోలు జిల్లా, 1972లో గానీ ఆయన పేరు పెట్టలేదు. తుపాకీకి గుండె చూపించినాయన, ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి, ఆయన ఆ బోర్డు కళ్ళారా చూడలేదు. ఈ కాలిన్ మెకిన్నీ అలా కాదు. 1846 ఏప్రిల్ 3న కౌంటీ పెట్టారు. అప్పటికి ఆయనకి ఎనభై నిండటానికి ఇంకా రెండు వారాలుంది. బతికే ఉన్నాడు. తర్వాత పదిహేనేళ్ళు, తన పేరున్న జిల్లాలోనే, ఇప్పుడు ఆనా అంటున్నామే, ఇళ్ళు కొంచెం చౌకగా వస్తాయని మనవాళ్ళందరూ పోతున్నారే, ఆ ఊరి దగ్గర కాపురమున్నాడు. తన పేరున్న జిల్లాకి తనే పన్ను కట్టుకుని ఉంటాడు చూడండి!

ఈయన పుట్టింది 1766లో, న్యూజెర్సీలో. మనవాళ్ళు చాలామంది న్యూజెర్సీలో దిగి తర్వాత టెక్సస్‌కి వచ్చారు కదా, ఆ రూటు ఈయనే కనిపెట్టాడని నేను మా ఫ్రెండ్స్‌తో అంటుంటా. కాకపోతే ఈయన మధ్యలో చాలా తిరిగాడు. చిన్నప్పుడే వర్జీనియా, తర్వాత కెంటకీ అడవులు. అక్కడే పెరిగాడు. పెళ్ళి, పిల్లలు, మొదటి భార్య పోవడం, 1805లో రెండో పెళ్ళి. మధ్యలో కొన్నేళ్ళు టెనసీలో ఒక సెనేటరుగారి ఎస్టేట్ చూసుకున్నాడు, ఆ సెనేటరు రష్యాకి రాయబారిగా వెళ్తే ఇక్కడ ఆస్తులు చూడ్డానికి మనిషి కావాలి కదా, ఆ మనిషి ఈయన. తర్వాత యాభై ఏడూ యాభై ఎనిమిదేళ్ళ వయసులో, అంటే మనం రిటైర్మెంట్ ప్లాన్ చూసుకునే వయసులో, సంసారాన్నంతా తీసుకుని రెడ్ రివర్ ఒడ్డుకి, ఇప్పటి టెక్సర్కానా దగ్గరకి వచ్చాడు.

అక్కడ ఒక గమ్మత్తు ఉంది. ఆ చోటు ఏ దేశంలో ఉందో ఎవరికీ గట్టిగా తెలియదు. అమెరికావాళ్ళు అది మా ఆర్కన్సాలో ఉందంటారు, మెక్సికోవాళ్ళు కాదు మా టెక్సస్‌లో ఉందంటారు. అక్కడున్న జనానికి ఆ గొడవలో పట్టింపు లేదు, నేల బాగుంది, మొక్కజొన్న పండుతోంది, అంతే.

ఇప్పుడు లెక్కపెట్టండి నాతో. పుట్టినప్పుడు ఇంగ్లండ్ రాజు మూడో జార్జి ప్రజ. పదేళ్ళప్పుడు అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది, అమెరికావాడయ్యాడు. ఇక్కడికొచ్చాక మెక్సికో. 1836లో టెక్సస్ వేరే దేశమయింది, దానికి సిటిజన్. 1845 చివర్లో టెక్సస్ అమెరికాలో కలిసింది, మళ్ళీ అమెరికా. 1861లో టెక్సస్ విడిపోయి దక్షిణాది కాన్ఫెడరసీలో చేరింది. ఆ ఏడాది సెప్టెంబరు 9న ఈయన పోయాడు, తొంభై అయిదేళ్ళు. అంటే ఒక్క జన్మలో ఐదు జెండాలు చూశాడు. హెచ్-వన్ లేదు, గ్రీన్ కార్డ్ క్యూ లేదు, ఊరికే కూర్చుంటే దేశాలు మారుతున్నాయి!

ఇది మా నాన్నకి చెప్తే ఆయన అస్సలు ఆశ్చర్యపోలేదు. "నేనూ అంతే కదరా" అన్నాడు. నిజమే. మాది ఒంగోలు పక్క పల్లెటూరు. ఆయన పుట్టినప్పుడు బ్రిటిష్ వాళ్ళు, మద్రాసు రాష్ట్రం, గుంటూరు జిల్లా. తర్వాత స్వతంత్రం. 1953లో ఆంధ్ర రాష్ట్రం. 1956లో ఆంధ్రప్రదేశ్. 1970లో ఒంగోలు జిల్లా, 72లో ప్రకాశం జిల్లా. 2014లో రాష్ట్రం మళ్ళీ రెండయింది. ఇల్లు మాత్రం అదే ఇల్లు. వేపచెట్టు అదే వేపచెట్టు. ఇక్కడ కూర్చున్న పెద్దవాళ్ళలో సగంమంది కథ ఇదే, అవునా కాదా?

సరే. 1836 సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈయనకి పేరొచ్చింది అక్కడే. మార్చి 1న వాషింగ్టన్ ఆన్ ద బ్రాజోస్ అనే చిన్న ఊళ్ళో టెక్సస్ నలుమూలల నుంచి వచ్చినవాళ్ళు కూర్చున్నారు. ఊరంటే ఊరు కాదు, నది ఒడ్డున నాలుగు ఇళ్ళు. వాళ్ళు కూర్చున్నది సగం కట్టిన బిల్డింగ్. కిటికీలకి తలుపుల్లేవు, గుడ్డలు కట్టారు. అంతకుముందు రాత్రే ఉత్తరం గాలి కొట్టింది, టెంపరేచర్ 33 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే ఇంకొక్క డిగ్రీ పడితే నీళ్ళు గడ్డ కట్టేస్తాయి. టెక్సస్ చలిగాలి మీకు తెలుసు కదా, పొద్దున టీ షర్టు, సాయంత్రానికి దుప్పటి. అదే గాలి.

అటుపక్క శాన్ ఆంటోనియోలో అలమో కోటని మెక్సికో సైన్యం చుట్టుముట్టి ఉంది. ఏ క్షణాన ఏ వార్తొస్తుందో తెలియదు. స్వాతంత్ర్య ప్రకటన రాయడానికి ఐదుగురితో కమిటీ వేశారు. మన కాలిన్ మెకిన్నీ అందులో ఒకడు. ఎక్కువభాగం రాసింది కమిటీ పెద్ద జార్జి చిల్డ్రెస్ అంటారు. మర్నాడు మార్చి 2 పొద్దున సభలో చదివారు, గంట లోపల అందరూ సరేనన్నారు. గంట లోపల! మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో పార్కింగ్ లైన్ల రంగు తేల్చడానికి మూడు మీటింగులు పట్టిందండీ. వీళ్ళ వెనక సైన్యముంది కాబట్టి తొందరపడ్డారు, అది వేరే సంగతి. నాలుగు రోజుల తర్వాత అలమో పడిపోయింది.

సంతకాలు పెట్టిన 59 మందిలో అందరికంటే పెద్దాయన ఈయనే, డెబ్భైకి నెలన్నర తక్కువ. మిగతావాళ్ళలో ఎక్కువమంది కుర్రాళ్ళు. టెక్సస్ సైన్యానికి పెద్ద శామ్ హ్యూస్టన్‌కి సరిగ్గా ఆ రోజే నలభై మూడో పుట్టినరోజు. సంతకాలకి వాడిన కలాన్ని ఈ పెద్దాయనకే ఇచ్చేశారని ఒక మాట చెప్తుంటారు. జరిగిందో లేదో గానీ, వినడానికి బాగుంది, నేనైతే నమ్మేస్తున్నా.

ఇక్కడ ఒక మాట అనకుండా దాటిపోతే తప్పవుతుంది. మెక్సికో అంతకుముందు, 1829లోనే బానిసత్వం రద్దు చేసింది. టెక్సస్‌కి వచ్చిన వలసదారులకి అది నచ్చలేదు. మెక్సికో అధ్యక్షుడు శాంటా అన్నా నియంతలా తయారవడం, 1824 రాజ్యాంగాన్ని పక్కనపెట్టడం, ఇవన్నీ నిజమైన కారణాలే, కానీ ఇదీ కారణమే. కొత్త దేశం రాసుకున్న రాజ్యాంగంలో బానిసత్వానికి రక్షణ పెట్టారు, స్వతంత్రంగా ఉన్న నల్లవాళ్ళు కూడా కాంగ్రెస్ పర్మిషన్ లేకుండా అక్కడ ఉండకూడదని రాశారు. స్వేచ్ఛ, స్వేచ్ఛ అంటూ ఆ చలిలో వణుకుతూ రాసినవాళ్ళే ఇదీ రాశారు. రెండూ ఒకే నెలలో, ఒకే గదిలో. నాకు ఈ రెండూ కలిపే గుర్తుంటాయి.

యుద్ధం అయిపోయింది, టెక్సస్ దేశమయింది. ఈయన దాని కాంగ్రెస్‌కి కూడా మూడుసార్లు వెళ్ళాడు. ఇప్పుడు మనకి కావాల్సిన ముక్క వస్తోంది. మీరు ఫోన్లో టెక్సస్ కౌంటీల మ్యాప్ తీసి చూడండి. ఇప్పుడే తీయండి, పర్లేదు, ఎలాగూ ఫోన్లు చేతిలోనే ఉన్నాయి. తూర్పు టెక్సస్‌లో, గల్ఫ్ పక్కన కౌంటీలన్నీ నదుల వెంబడి వంకర్లు పోయి ఉంటాయి. పైకి, మన వైపుకి రండి. కాలిన్, డెంటన్, డాలస్, కుక్, అన్నీ చదరంగం గళ్ళలాగా ఉన్నాయి, చూశారా? ఉత్తర టెక్సస్‌లో జిల్లాలు ముప్ఫై మైళ్ళ చదరంగా ఉండాలి, గీతలు తిన్నగా ఉండాలి, కేంద్రం మధ్యలో ఉండాలి అని పట్టుబట్టింది ఈ పెద్దాయనే అని చెప్తారు. ముప్ఫై ముప్ఫైలు తొమ్మిది వందలు. మన కాలిన్ కౌంటీ మొత్తం 886 చదరపు మైళ్ళు. చూశారా, పెద్దాయన స్కేలు ఎంత కరెక్టుగా పెట్టాడో!

ఎందుకలా? లెక్క చాలా సింపుల్. ముప్ఫై మైళ్ళ గడికి మధ్యలో కోర్టుంటే, నాలుగు పక్కలా అంచుకి పదిహేను మైళ్ళు, మూలల నుంచైనా ఇరవై ఒకటి. పొద్దున్నే గుర్రమెక్కితే కోర్టు పని చూసుకుని చీకటి పడే వేళకి ఇల్లు చేరొచ్చు. రాత్రి అక్కడ పడుకోవాల్సిన పని లేదు, పశువులకి ఇంకొకర్ని పెట్టాల్సిన పని లేదు.

మీకిది చిన్న విషయంగా అనిపించొచ్చు. మా ప్రకాశం జిల్లావాళ్ళనడగండి. గిద్దలూరు నుంచి ఒంగోలు 140 కిలోమీటర్లు దాటే ఉంటుంది. మా చిన్నప్పుడు అటునుంచి జిల్లా కోర్టుకొచ్చే మనిషి ముందురోజు సాయంత్రమే బస్సెక్కేవాడు. రాత్రి బస్టాండులో తువ్వాలు పరుచుకుని పడుకునేవాడు. పొద్దున్నే కుళాయి దగ్గర మొహం కడుక్కుని ప్లీడరుగారి గుమస్తా కోసం చూసేవాడు. పదకొండింటికి బంట్రోతు ఒక్క కేక వేస్తాడు, లోపలికెళ్తే వాయిదా. మళ్ళీ బస్సు. మా నాన్నకి ఇలాంటి మనిషి ఒకాయనతో కోర్టు వరండాలోనే స్నేహమయింది, కేసులు తేలకపోయినా స్నేహం మాత్రం నిలబడింది. 2016లో తెలంగాణలో పది జిల్లాల్ని 31 చేసినప్పుడు, 2022లో ఆంధ్రాలో పదమూడుని 26 చేసినప్పుడు మన టీవీల్లో ఎంత గొడవ! కేంద్రం మా ఊళ్ళో పెట్టాలంటే మా ఊళ్ళో పెట్టాలని. పేరు ఎవరిది పెట్టారన్నది రెండోది, ముందు ఎంత దూరం పోవాలన్నదే గొడవ. ఇక్కడ ఆ గొడవ 1840ల్లోనే జరిగింది.

ఎలాగంటే, కౌంటీ పెట్టినప్పుడు కేంద్రం మెకిన్నీ కాదు. బక్నర్ అనే ఊరు. ఇప్పటి మెకిన్నీకి వాయవ్యంగా మూడు మైళ్ళు ఉంటుంది. అసలు మెకిన్నీ అనే ఊరే అప్పటికి లేదు. రూలేమో జిల్లా కేంద్రం కౌంటీ నడిమధ్యకి మూడు మైళ్ళ లోపలుండాలని. బక్నర్ ఆ రూలుకి నిలబడలేదు. సరే, కొత్త చోటు వెతకండన్నారు. స్లోన్స్ గ్రోవ్ అనే చోటు ఒకటి అనుకున్నారు, జనం ఒప్పుకోలేదు, చివరికి 1848లో ఓటింగ్ పెట్టారు.

ఓటింగ్ రోజుకి వాన. మామూలు వాన కాదు, వాగులన్నీ పొంగాయి. చాలామంది దాటి రాలేకపోయారు. మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో చెప్పండి? రెండొందలా? యాభయ్యా? పదకొండు! పదకొండు ఓట్లు. పది ఇప్పటి మెకిన్నీ చోటుకి, ఒకటి స్లోన్స్ గ్రోవ్‌కి. ఆ పదిమంది వల్ల ఇవాళ మనం మెకిన్నీ అంటున్నాం. వాన రాకపోతే ఈ మీటింగ్ ఏ ఊళ్ళో పెట్టుకునేవాళ్ళమో! ఆ ఒక్క ఓటు వేసినాయన గురించి నాకు మహా కుతూహలం, అంత వానలో గుర్రమేసుకొచ్చి ఓడిపోయేవైపు వేసి మళ్ళీ తడుసుకుంటూ ఇంటికెళ్ళాడు పాపం.

విలియం డేవిస్ అనే ఆయన ఊరి కోసం 120 ఎకరాలు ఇచ్చాడు. మూడు వేల ఎకరాలున్నాయిలెండి ఆయనకి, జిల్లా కేంద్రం పక్కనొస్తే మిగతా భూమి రేటు ఏమవుతుందో మన ఆంధ్రావాళ్ళకి వేరే చెప్పాలా? బక్నర్‌లో ఉన్న ఇళ్ళూ దుకాణాలూ విప్పడం కూడా కాదు, కింద దుంగలు పెట్టి ఎద్దులతో దొర్లించుకుంటూ ఇక్కడికి తెచ్చారంటారు. ఊరు ఊరే నడిచొచ్చింది. బక్నర్‌లో ఇప్పుడు మిగిలింది శ్మశానం.

ఇక బిల్డింగ్ సంగతి. 1872లో రైలొచ్చింది, హ్యూస్టన్ అండ్ టెక్సస్ సెంట్రల్. రైలొస్తే పత్తికి రేటొచ్చింది, పత్తికి రేటొస్తే కౌంటీకి డబ్బొచ్చింది, డబ్బొస్తే కోర్టు కట్టారు. 1874లో మొదలుపెట్టారు, చార్ల్స్ వీలాక్ అనే ఆర్కిటెక్ట్. ఫ్రెంచివాళ్ళ ఫ్యాషన్‌లో ఏటవాలు కప్పులు, రాతి గోడలు. శాన్ ఆంటోనియోకి ఉత్తరాన అంత ఎత్తు బిల్డింగ్ అప్పట్లో లేదని ఊళ్ళో చెప్పుకుంటారు. చుట్టూరా పత్తి చేలు, అటు చూస్తే నేల, ఇటు చూస్తే నేల, మధ్యలో ఇది. ఎక్కడ దారి తప్పినా తలెత్తితే కోర్టు కనపడుతుందన్నమాట.

నెలకోసారి మూడో సోమవారం జడ్జి వచ్చేవాడు. జడ్జి వస్తే కేసులవాళ్ళొస్తారు, కేసులవాళ్ళు ఊరికే చేతులూపుకుంటూ రారు కదా, కోళ్ళు, గుర్రాలు, ధాన్యం తెచ్చుకుని అమ్ముకునేవాళ్ళు. అలా సంత పుట్టింది. 380 రోడ్డు మీద థర్డ్ మండే ట్రేడ్ డేస్ అని బోర్డు చూసి, శనాదివారాల్లో జరిగే సంతకి మండే అని పేరేంటని నేను చాలాకాలం బుర్ర గోక్కున్నా. ఇదీ కథ. కోర్టు వాయిదాకి పుట్టిన సంత! మా నాన్న అడిగిన స్టాంపు పేపర్లవాళ్ళూ టైపు మిషన్లవాళ్ళూ ఒకప్పుడు ఇక్కడా ఏదో ఒక రూపంలో ఉన్నట్టే.

1927లో ఆ బిల్డింగ్ రూపం మార్చేశారు. పాత ఫ్యాషన్ పోయింది, ఏటవాలు కప్పులు తీసేశారు, బయట ఇటుక తొడుగు వేశారు, ముందు గ్రీకు గుడిలాంటి స్తంభాలు పెట్టారు. ఇప్పుడు మనం ఫోటోలు దిగేది ఆ 1927 మొహంతో. లోపలున్న రాయి మాత్రం 1870ల రాయే. నాకైతే పాత మొహమే బాగుందనిపిస్తుంది, ఫోటోలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. దగ్గర్లోనే 1880లో కట్టిన పాత జైలు బిల్డింగ్ కూడా ఉంది, అది మాత్రం రాతితోనే, ముఖం మార్చకుండా నిలబడింది. ఈ కౌంటీలో చివరి ఉరి 1922లో వేశారు. తర్వాత ఆ పనంతా రాష్ట్రం తీసుకుంది, 1924 నుంచి హంట్స్‌విల్‌లో, రాష్ట్రం జైల్లో ఎలక్ట్రిక్ కుర్చీ. ఎక్కువ చెప్పను, పిల్లలున్నారు.

కోర్టు ముందున్న విగ్రహం చూసి అందరూ కాలిన్ మెకిన్నీ అనుకుంటారు. కాదు. ఆయన జేమ్స్ త్రాక్‌మార్టన్. ఇక్కడి వాడే, టెక్సస్ గవర్నర్ అయ్యాడు. 1861లో అమెరికా నుంచి విడిపోదామా అని టెక్సస్ సభలో ఓటు పెడితే 166 మంది విడిపోదామన్నారు, ఎనిమిది మంది వద్దన్నారు. ఆ ఎనిమిదిలో ఈయనొకడు. మన కౌంటీ జనం కూడా వద్దనే ఓటేశారు, 948 వద్దని, 405 సరేనని. ఇంతవరకు వింటే దండ వెయ్యాలనిపిస్తుంది. తర్వాత అదే మనిషి వెళ్ళి ఆ విడిపోయిన సైన్యంలోనే చేరి యుద్ధం చేశాడు. యుద్ధమయ్యాక గవర్నరై, బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్ళకి హక్కులివ్వడానికి అడ్డుపడ్డాడు, 1867లో మిలిటరీవాళ్ళే పదవిలోంచి తీసేశారు. 1911లో విగ్రహం పెట్టారు. 2020లో ఉంచాలా తీయాలా అని ఊళ్ళో పెద్ద చర్చే నడిచింది. మీరు అక్కడ ఐస్‌క్రీం తింటూ ఆ విగ్రహం కింద కూర్చున్నప్పుడు ఒకసారి తలెత్తి చూడండి, అంతే అడుగుతున్నా.

1979లో కౌంటీ ఆ బిల్డింగ్ ఖాళీ చేసింది, కొత్తదానిలోకి మారింది. 1960లో కౌంటీ మొత్తం జనం 41 వేలు, 1900లో ఉన్న 50 వేల కంటే కూడా తక్కువ. 2020కి పది లక్షల అరవై నాలుగు వేలు. ఏ కోర్టు సరిపోతుంది? 2007లో ఊరి ఉత్తరాన బ్లూమ్‌డేల్ రోడ్డులో ఇప్పటి పెద్ద కోర్టొచ్చింది. దానికి రస్సెల్ స్టైండమ్ పేరుంది. ప్లేనోలో పెరిగిన కుర్రాడు, వియత్నాంలో 1970లో తన పక్కవాళ్ళ మధ్య గ్రెనేడ్ పడితే దాని మీద పడుకున్నాడు. ఇరవై మూడేళ్ళు.

నేను జ్యూరీకి వెళ్ళింది అక్కడికే. పెద్ద పార్కింగు, ఎయిర్‌పోర్టులాగా సెక్యూరిటీ, బెల్టు తీయాలి. మొదటి రోజుకి 20 డాలర్లిస్తారు. నన్ను తీసుకోలేదు, ఏదో అడిగారు, ఏదో చెప్పా, మధ్యాహ్నానికి ఇంటికి పొమ్మన్నారు. అంతా శుభ్రంగా, చల్లగా ఉంది. కానీ చుట్టూ ఒక టీ కొట్టు లేదు, ఒక సంత లేదు. కారు లేనివాడు అక్కడికి ఎలా వస్తాడో నాకు అర్థం కాలేదు. గుర్రముంటే నయమేమో!

పాత బిల్డింగ్‌ని మాత్రం కూలగొట్టలేదు, బాగు చేసి 2006లో పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ సెంటర్‌గా తెరిచారు. పాత కోర్టు హాలే ఇప్పుడు థియేటర్, 400 పైచిలుకు సీట్లు. మా నాన్నని ఒక ప్రోగ్రాంకి తీసుకెళ్ళా. ఆయన లోపలికి రాగానే చెప్పులు విప్పబోయాడు, అలవాటు, కోర్టు హాలు కదా. వద్దని ఆపా. కూర్చుని స్టేజీకేసి చూసి, "జడ్జి కూర్చునేది అక్కడేనా" అన్నాడు. అక్కడే అన్నా. ప్రోగ్రాం మొత్తం చేతులు కట్టుకునే కూర్చున్నాడు.

తిరిగి వెళ్ళేముందు సమాధి చూద్దామన్నాడు. 75 హైవే మీద ఉత్తరంగా పోతే ఆనా దాటాక వాన్ ఆల్‌స్టైన్ వస్తుంది, ఊరి శ్మశానంలో ఉంది. నేను దారిలో చెప్పా, నాన్నా, ఇప్పుడు కౌంటీ లైను దాటాం, ఇది గ్రేసన్ కౌంటీ అని. ఆయన వెనక్కి తిరిగి ఆ లైను కనపడుతుందేమోనని చూశాడు. సమాధి దగ్గర కాసేపు నిలబడ్డాడు. తర్వాత, "అంటే, గీతలు గీయించినాయన గీత అవతల పడుకున్నాడా" అన్నాడు. అవును నాన్నా, కొంచెం అవతల అన్నా.

"ఇల్లుందా?" అని అడిగాడు. ఇల్లు 1936లో తెచ్చి మెకిన్నీలో ఫించ్ పార్కులో పెట్టారు, 1980ల్లో ఎవరో తగలబెట్టారు, లేదు అని చెప్పా. ఆయన ఏం మాట్లాడలేదు. సమాధి అంచున మొలిచిన గడ్డి రెండు పరకలు పీకి పక్కన పారేసి, పద అన్నాడు.

అంతేనండీ నా కథ. సమోసాలు చల్లారిపోతున్నాయని అక్కడినుంచి చాలాసేపటి నుంచి సైగలు చేస్తున్నారు, నేనే చూడనట్టు నటిస్తున్నా. వచ్చే నెల మొదటి శనివారం పాత కోర్టు చూడ్డానికి ఎవరైనా వస్తానంటే నా వ్యాన్‌లో ఆరుగురికి చోటుంది, పెద్దవాళ్ళకి ముందు.